సాక్ష్యం చెప్పి మందులు మానేసిన సంగతి

మా ఉక్కు ఫ్యాక్టరీలో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల షాపులో దొంగ వేషాలకు నాకు పెద్ద పేరు. ఒకసారి సగంపూట సెలవు కోసం పాన్ నమిలి రుమాల్లో ఊసి, "రక్తం పడింది సార్" అని ఫోర్‌మన్ గారికి చూపించాను. ఆయన రుమాలు వాసన చూసి మళ్లీ పనిలోకి తోలాడు. ఏడాది తిరిగాక, ఫస్ట్ షిఫ్టులో, దగ్గుతోపాటు నిజంగానే రక్తం పడింది. రుమాలు పట్టుకుని వెళ్తే ఆయన తలెత్తకుండానే "ఈసారి సున్నం ఎక్కువైందా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను.

కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు నల్లగా ఉమ్మడం మామూలే. అందుకే రెండు నెలల దగ్గును లెక్కచెయ్యలేదు. సాయంత్రం జ్వరం, సైకిల్ మీద మేముండే క్యాంప్ 1 బస్తీ చేరేలోగా రెండుచోట్ల దిగి నిలబడటం, ఇవన్నీ వయసు మీదకు తోసేశాను. అప్పటికి నాకు ముప్పై నాలుగు.

నా భార్య సుగుణ మేనమామ కూతురు. నా వేషాలన్నీ చిన్నప్పటి నుంచీ తెలిసిన మనిషి. రుమాలు చూసి ఆమె మాత్రం నవ్వలేదు. మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్లింది. కఫం పరీక్ష, ఎక్స్-రే అయ్యాక డాక్టరు గారు చెప్పారు: "స్పుటమ్ పాజిటివ్. టీబీ. కుడివైపు లంగ్‌లో క్యావిటీ ఉంది, అంటే గుంట."

"మా క్యాంపులో ఇళ్లు దొరకడం లేదు సార్, ఆ ఖాళీ అద్దెకిచ్చేద్దామా?" అన్నాను.

ఆయనా నవ్వలేదు. "పద్దెనిమిది నెలలు మందులు. మొదట రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. ఒక్క రోజు మానకూడదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

ఉంది. రూతు, ఐదేళ్లది. రాత్రి నా పొట్టమీద పడుకుంటే గాని నిద్రపోయేది కాదు. ఆ రోజు నుంచి దాని పక్క వేరు, నా కంచం వేరు.

మూడు నెలలకే జ్వరం పోయింది. ఒళ్లు చేసింది. సైకిల్ దిగకుండా ఇంటికి రాగలిగాను. మా తెలుగువాళ్ల ప్రార్థన కూటం ఆదివారాల్లో ఒక క్వార్టరులో జరిగేది. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదివిన పుస్తకం పాత నిబంధన ఒక్కటే. అందులో అబ్రాహామంటే నాకు ప్రాణం. కొడుకును బలి ఇమ్మని దేవుడంటే ఎదురు ప్రశ్న వెయ్యకుండా లేచి బయల్దేరాడు. కత్తెత్తాక దేవుడే ఆపి, కొడుకును దక్కించాడు. ఆ కథ చెప్పాను. జనం కదిలిపోయారు. జనం కదిలితే నా నోరు ఆగదు. "నన్ను దేవుడు బాగుచేశాడు. ఇక మాత్ర ముట్టను!" అనేశాను. హల్లెలూయ అన్నారు.

సంఘ పెద్ద సమూయేలు మాస్టారు మాత్రం పక్కకు పిలిచి, "అబ్బాయ్, ఆ డాట్రునీ దేవుడే పుట్టించేడ్రా. మందులు మానకు" అన్నాడు.

"మీకు విశ్వాసం చాల్లేదు మాస్టారూ" అని నవ్వేశాను.

నిజం చెప్పాలంటే, మానమని దేవుడు నాకేమీ చెప్పలేదు. ఎదురుగా ముప్పైమంది కూర్చుని ఉన్నారు, అంతే.

మందులు మానేసిన రెండో నెలలో దగ్గు తిరిగొచ్చింది. షాపులో దగ్గేవాణ్ణి, ఇంట్లో మింగేవాణ్ణి. కూటంలో అయితే పాట గట్టిగా ఎత్తుకుని దాని చాటున దగ్గేవాణ్ణి. అంత అలసట ఆ రోగం కూడా ఇవ్వలేదు నాకు. అప్పుడే రూతుకు జ్వరం పట్టుకుంది. తిండి మానేసింది, మెడ దగ్గర బిళ్లలు కట్టాయి. ఆసుపత్రిలో చేతికి చిన్న సూది వేసి, మూడో రోజు వాపు కొలిచి చూశారు. "ప్రైమరీ కాంప్లెక్స్, పిల్లలకొచ్చే టీబీ" అన్నారు పిల్లల డాక్టరమ్మ. "ఇంట్లో ఎవరికో ఉంది. ఎవరికి?"

నేను గోడకేసి చూశాను. వరండాలోకి వచ్చాక సుగుణతో మెల్లగా అన్నాను: "ఇది పరీక్షే. అబ్రాహాముకు పెట్టినట్టే పెట్టాడు. ఇప్పుడు విశ్వాసం కదలకూడదు." ఆమె పిల్లను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుని నడిచింది.

మర్నాడు పొద్దున టీబీకిచ్చిన ఐఎన్‌హెచ్ మాత్ర చిదిమి తేనెలో కలిపి ఇస్తే రూతు నోరు బిగించింది. ఈ హిందీవాళ్ల ఊళ్లో పుట్టిన పిల్ల, ముందు హిందీయే వస్తుంది. "పహలే పాపా" అంది. ముందు నాన్న వేసుకోవాలట.

"నాకక్కర్లేదమ్మా. దేవుడు బాగుచేసేశాడు కదా" అన్నాను, దగ్గుతూనే.

"మరి నన్నెందుకు సెయ్యలేదు?"

సుగుణ లేచి బియ్యం డబ్బా వెనక నుంచి నా పాత మందుల పొట్లం తీసి నా ముందు పెట్టింది. ఒకటి మింగాను. పిల్ల నా నోరు తెరిపించి, నాలిక కింద కూడా చూసి, అప్పుడు తనది మింగింది.

ఆ పూటే డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. "పాగల్ హో క్యా? సగంలో మానేస్తే క్రిములు మందుకి అలవాటు పడతాయి. దాన్నే రెసిస్టెన్స్ అంటాం. మళ్లీ మొదటి నుంచి, కొత్త మందులు కలిపి" అన్నారు. ఈసారి ఇంజెక్షన్లకు చెవుల్లో హోరు, నిలబడితే గోడలు ఊగేవి. నెలల తరబడి మంచం మీదే. షిఫ్టు వేళకు వీధిలో సైకిళ్లు వెళ్తుంటే బెల్లును బట్టి ఎవడిదో చెప్పగలిగేవాణ్ణి. జోకులు వెయ్యడానికి కూడా ఊపిరి కావాలని అప్పుడే తెలిసింది.

అన్నిటికంటే కష్టమైంది కూటానికి వెళ్లి "ఆ రోజు చెప్పింది తప్పు, మందు వేసుకుంటున్నాను" అని చెప్పడం. సుగుణ గుమ్మం దగ్గర నిలబడింది, మధ్యలో నేను పారిపోకుండా.

ఇప్పుడు రూతు ఎనిమిదో తరగతి. మెడ మీద బిళ్లలు ఎప్పుడో కరిగిపోయాయి. నాకు లైట్ డ్యూటీ ఇచ్చారు. ఎడమ చెవి సరిగా వినబడదు, మెట్లెక్కితే ఆయాసం. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఒళ్లు బాగుందనిపించిన రోజే మందు మానాలనిపిస్తుంది. మానవచ్చో లేదో ఆ రోజు డాక్టరునే అడగండి, మీ ఒంటిని అడక్కండి.

మొన్న కూటంలో మళ్లీ సాక్ష్యం చెప్పమన్నారు. "అబ్రాహాములాగే నాకూ పరీక్ష వచ్చింది, నా బిడ్డ కూడా నాకు దక్కింది" అని ముగించి, బాగా చెప్పానన్న ధీమాతో బయటికొచ్చాను. సుగుణ చెప్పులు తొడుక్కుంటూ అంది:

"అబ్రాహాముతో నీకు పోలికేటి బావా! ఆయన కత్తెత్తమంటే ఎత్తేడు, దించమంటే దించేడు. నువ్వయితేనా, 'అందరికీ సెప్పీసినాను, ఇప్పుడు దించితే నవ్వుతారు' అని ఆ పిల్లడ్ని కోసీసుందువు."