ఆగ్నేయ మూల గుంత

మొన్న గ్యాస్ పొయ్యి బాగుచేయడానికి చిట్యాల నుంచి ఒకతను వచ్చాడు. పొయ్యి విప్పి, బర్నర్లు కడిగి, మళ్లీ బిగించి, చేతులు తుడుచుకుంటూ నేల వంక చూసి ఆగిపోయాడు. "సార్, గీ గుంతేంది? సంపా?" అని అడిగాడు. సంపైతే మూతా నీళ్లూ ఉండాలి కదా. మా వంటింటి ఆగ్నేయ మూలలో, పొయ్యి పక్కనే ఉన్న ఈ గుంత మూరెడు వెడల్పు, రెండు మూరల పొడవు, మోకాలి లోతు. లోపల చుట్టూ తెల్ల టైల్సు, అడుగున మాత్రం పాతకాలపు షాబాదు బండ ఒకటి, అదీ ఏటవాలుగా. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లలో ఆ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. మా వియ్యంకుడు అది బంగారం దాచే చోటు అనుకుని మర్యాదకు చూపు తిప్పుకున్నాడు. పాలు పోసే ఆమె అయితే గుప్తనిధుల కోసం తవ్వి, ఏమీ దొరక్క టైల్సు వేసుకున్నామని వాడకట్టంతా చెప్పింది. నేను ఎవర్నీ ఏమీ అనను. ఈ ఇంట్లో పుట్టినవాణ్ని, యాభై ఏళ్లు వచ్చేదాకా ఆ గుంత సంగతి నాకే తెలియదు.

నా ఉద్యోగం చాలావరకు పాలమూరు జిల్లాలో, బడిపంతులుగా గడిచింది. తెలంగాణ వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, నానా తిప్పలు పడితే మా ఊరికి దగ్గర బడికి బదిలీ దొరికింది. నేనూ మా ఇంటామె సామాను లారీలో వేసుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాం. అప్పటికి బాపు పోయి ఆరేళ్లు. పెంకుటిల్లు, వెనకవైపు వంటిల్లు. మసి పట్టి నిగనిగలాడే దూలాలు, అలికిన నేల, మూలకు రెండు కళ్ల మట్టిపొయ్యి. మేము పండక్కో పబ్బానికో వచ్చినప్పుడు కోడలిని అందులోకి రానిచ్చేది కాదు అమ్మ. "పొగ పిల్లా, కండ్లు పోతయ్, బయటికి నడువ్" అని వెళ్లగొట్టేది. మేము పళ్లు తోముకునేసరికి జొన్నరొట్టెల దొంతి, పచ్చిపులుసు సిద్ధంగా ఉండేవి. ఆ రొట్టె ఎంత పలచగా ఉండేదంటే, నేను దాని అంచు పట్టుకుని వెలుతురుకు అడ్డంపెట్టి చూసేవాణ్ని. అమ్మ లోకమంతా ఆ రొట్టెలే. ఊళ్లో ఎవరింటికి పెళ్లిచూపులకు మనుషులొచ్చినా రొట్టెలకు పిలుపు మా ఇంటికే వచ్చేది.

అమ్మకు ముప్ఫై అయిదేళ్లకే కుడి మోకాలు బిగుసుకుపోయింది. అంతా మా బోరు నీళ్ల పుణ్యం. అందులోని ఫ్లోరైడుకు మా ఊళ్లో సగం మందికి పళ్లు గారపట్టాయి, మిగిలినవాళ్లలో కొందరికి నడుములు వంగాయి, కొందరికి కీళ్లు పట్టేశాయి. నువ్వు నవ్వితే చాలు, మీది నల్లగొండ జిల్లా అని చెప్పక్కర్లేదని పాలమూరులో నా తోటి పంతుళ్లు ఆటపట్టించేవాళ్లు. అమ్మ కాలు కర్రలా చాపుకునే నడిచేది. అలాంటి మనిషి కింద మట్టిపొయ్యి ముందు కూర్చుని అన్ని రొట్టెలు ఎలా చేస్తోందన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు. వండినది తినడం తప్ప వంటింటి గురించి నాకేం తెలుసు?

మేము వచ్చిన వేసవిలోనే వీధులన్నీ తవ్వి కృష్ణ నీళ్ల పైపులు వేయడం మొదలుపెట్టారు. ఇంటింటికీ నల్లా వస్తుందన్నారు. మా ఇంటామెకు అదే అదను దొరికింది. "నల్లా ఎట్లాగూ వస్తాంది కదా, వంటిల్లు సుత జర మనుషులుండే తీరు చేసుకుందాం. అత్తమ్మకు కింద కూసునే బాధ తప్పుతది" అంది. నిలబడి వండుకునే గట్టు, నేలకు టైల్సు, గోడకు టైల్సు. అమ్మను అడిగితే "చేసుకోండ్రి బిడ్డా, మీ ఇల్లే కదా" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

వంటిల్లు ఖాళీ చేస్తుంటే పొయ్యి పక్కన ఒక చెక్క పలక, దాని మీద పిండి డబ్బా కనిపించాయి. పలక తీస్తే కింద గుంత. "గదా? పాత రోలు గుంత" అంది అమ్మ, అటు చూడకుండానే. సరిగ్గా అదే సమయానికి మా పెద్దబావ, అంటే మా అక్క పెనిమిటి, వాస్తు చూడటానికి దిగాడు. ఆయన వాస్తు ఎక్కడ నేర్చాడో తెలియదు గాని, సెల్‌ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని ఊరందరి ఇళ్లకూ వంకలు పెట్టేవాడు. గుంతను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆగ్నేయంల గుంత! ఇంకేమన్న ఉన్నదా? ఇంట్ల ఆడోళ్లకు పాణం బాగుంటదా? అత్తమ్మ కాలు గట్లెందుకయిందనుకున్నవ్?" అన్నాడు. "బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టకు బావా" అన్నాను. బావది బట్టతల. ఆయన నొచ్చుకున్నాడు కాని పట్టు విడవలేదు. మా ఇంటామె కూడా ఆయనవైపే. నున్నటి టైల్సు నేల మధ్య గుంత ఏ ఆడదానికి నచ్చుతుంది? పూడ్చాలని తేల్చేశారు. అమ్మ కాలి కోసమైనా పూడ్చాలన్నారు.

కాని నాకు ఒకటి అంతుపట్టలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా రోలు పెరట్లో జామచెట్టు కిందే ఉంది. రోలు గుంతైతే గుండ్రంగా ఉండాలి, ఇది పొడుగ్గా ఎందుకుంది? అమ్మను మళ్లీ అడిగాను. "నీకెందుకు బిడ్డా, పూడుస్తున్నరు కద" అంది. బళ్లో ముప్ఫై ఏళ్లు పిల్లల మధ్య మెలిగినవాణ్ని, జవాబు దాచిపెట్టే గొంతు నాకు తెలుసు. ఎందుకు దాస్తోందో మాత్రం తెలియలేదు.

మేస్త్రి పెద్దవయసువాడు, నిమ్మళంగా పని చేసేవాడు. గట్టు కట్టే ముందు వంట చేసే మనిషిని నిలబెట్టి మోచేయి ఎత్తు చూసుకోవడం వాళ్ల పద్ధతి. "ఇంట్ల వంట చేసేదెవరమ్మా?" అని అడిగాడు. గుమ్మం దగ్గర కర్ర మీద ఆనుకుని ఉన్న అమ్మ, మా ఇంటామెను చూపించింది. "కోడలు చేస్తది. నా వంట ఒడిసింది" అని చెప్పి నెమ్మదిగా వాకిట్లోకి వెళ్లిపోయింది. అమ్మకు ఇన్నాళ్లకు విశ్రాంతి దొరికిందని నేను సంతోషించాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పని నడిచిన ఆ పది రోజులూ వసారాలో గ్యాస్ మీద మా ఇంటామె వండితే, అమ్మ అరుగు మీద కూర్చుని వీధిలో పైపుల పని చూసేది. అరచేత్తో తొడ మీద మెల్లగా తడుతూ ఉండేది, రొట్టె తట్టినట్టు. అన్నం సగంలో వదిలేసేది. అడిగితే ఆకలి లేదనేది.

గుంత పూడ్చే రోజు మేస్త్రి నన్ను కేకేశాడు. పనిలో లోపల పడ్డ మట్టి, బూడిద తీసేసి శుభ్రం చేస్తుంటే అడుగున బండ తగిలిందట. "సార్, గిది రోలు గుంత గాదు. గీ బండ చూడుండ్రి, కావాలని వాలుగ పెట్టిండ్రు. అరిగింది సుత చూడుండ్రి" అన్నాడు. బండ మధ్యలో నున్నగా, కొద్దిగా పల్లంగా ఉంది. గుంత అంచు కూడా ఒకవైపే అరిగింది. ఇద్దరం వంగి దాన్ని పరీక్షగా చూశాం. మేస్త్రి ఏదో తట్టినట్టు అంచున కూర్చుని కాళ్లు లోపలికి చాపాడు. అరికాళ్లు పోయి ఏటవాలు బండకు ఆనుకున్నాయి. "కూసునే జాగా సార్!" అన్నాడు. ఆయన్ని లేపి నేను కూర్చున్నాను. మోకాలు వంచనవసరం లేదు, కాలు చాపి ఉంచితే బండ పాదాన్ని ఆపుతుంది. కుడి చేయి చాపితే పొయ్యి. ఎడమ చేయి చాపితే గోడలో ఒక గూడు. మిగిలిన గూళ్లన్నీ నిలబడ్డ మనిషి ఎత్తున ఉంటే అదొక్కటే ఇంత కిందికి ఎందుకుందా అని నేను ఎప్పుడూ అనుకోలేదు. అందులో ఇంకా కొంచెం ఉప్పు ఉంది.

గుంతలోంచి లేవకుండానే "అమ్మా!" అని పిలిచాను. అమ్మ వచ్చి నేను అలా కూర్చోవడం చూసి గడప దగ్గరే నిలబడిపోయింది. మేస్త్రిని చాయ తాగి రమ్మని పంపించాను. అప్పుడు అంది: "నేను చెప్పలే. నువ్వే కనుక్కున్నవ్. యాది పెట్టుకో."

ఆ తర్వాత ఒక్కో మాటా వచ్చింది. నేను నల్లగొండ హాస్టల్లో ఇంటర్ చదువుతున్న రోజుల సంగతి. అమ్మ మోకాలు వంగడం మానేసింది. అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ, పొయ్యి ముందు కూర్చోలేని కోడలు ఎందుకు, పుట్టింటికి పంపి ఇంకొకతెను తెస్తానని వాడకట్టులో అనేసింది. బాపు ఆమెకు ఎదురు చెప్పలేదు. కేతేపల్లిలో చుట్టాల పెళ్లికి మిగతా అందరినీ ముందు పంపించి, చేన్లో పని ఉందని తను ఆగాడు, కాలు నొప్పి సాకుతో అమ్మనూ ఆపాడు. రెండు రోజులు గడ్డపారతో తవ్వాడు. అమ్మను అంచున కూర్చోబెట్టి, కాలు ఎంత చాపగలదో పుల్లతో కొలిచి బండ పాతాడు. మట్టి గంపలతో చేన్లో పోసొచ్చాడు. పెళ్లి నుంచి వచ్చిన అవ్వతో, రోలు పాతుదామని తవ్వానని చెప్పాడు. ఆ రోలు ఏ ఏడూ రాలేదు. అవ్వ అడిగినప్పుడల్లా ఈసారి మంచి రాయి దొరకలేదని చెప్పేవాడట. అవ్వ పోయేదాకా దొరకలేదు.

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేందమ్మా?" అన్నాను. "ఒట్టు వెట్టించుకున్నడు బిడ్డా. పెండ్లాం కాలు కోసం మొగోడు వంటింట్ల గుంత తవ్విండంటె ఊళ్లె నవ్వుతరు, నా పేరు తియ్యకు అన్నడు" అంది. "బాపు పోయిండు కద" అంటే, "ఆయన పోతె ఒట్టు పోతదా?" అని నన్నే అడిగింది. ఉప్పు తక్కువైతే కంచం ముందుకు నెట్టేసే బాపు, ఒక్కనాడూ అమ్మతో నవ్వుతూ మాట్లాడగా నేను చూడని బాపు, పుల్ల పట్టుకుని అమ్మ కాలు కొలిచాడా? ఆయన మాట నిలబెట్టడానికి అమ్మ తన పొయ్యినే వదులుకోవడానికి సిద్ధపడిందని కూడా అప్పుడే తెలిసింది.

ఇక బావతో నా లొల్లి మొదలైంది. ఒట్టు సంగతి ఆయనకు చెప్పలేను కదా. గుంత ఉండాల్సిందే అన్నాను. ఆయన వాస్తు దోషాలన్నీ వల్లించాడు. "మీ ఇంట్ల ఆగ్నేయంల గుంత లేదు కద బావా, మరి అక్కకూ నీకూ రోజూ ఆ పంచాయితేంది?" అని అడిగాను. నెల రోజులు మా గడప తొక్కలేదు. మా ఇంటామె కూడా రెండు రోజులు మూతి ముడుచుకుంది. నిలబడే గట్టు ఆమెకు, గుంత పక్కన జానెడు ఎత్తు చిన్న గట్టు, దాని మీద ఇంకో పొయ్యి అమ్మకు అని రాజీ కుదిరింది. మేస్త్రి పనితనం చూపించబోయి, కడకు బండను మట్టపు బద్ద పెట్టి సమంగా బిగించాడు. అమ్మ కూర్చుని చూసి, "కాలు జారుతాంది, ఎట్లున్నదో గట్లనే పెట్టు నాయినా" అంది. పాపం, మళ్లీ పెరికి వాలుగా పెట్టాడు.

కొత్త వంటింట్లో మా ఇంటామె పాలు పొంగించింది. అమ్మ పీట తెచ్చుకుని అంచున కూర్చుని, కాళ్లు చాపి, ఉప్పు గూడు ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుని, నల్లా నీళ్లతో పిండి కలిపింది. ఆ పూట మూడు రొట్టెలు తింది. ఇంకో అయిదేళ్లు, మంచం పట్టేదాకా, మాకు ఆమె చేతి రొట్టెలే. ఆమె పోయాకే గుంత సంగతంతా మా ఇంటామెకు చెప్పాను.

గ్యాస్ పొయ్యి అతను అడిగిన ప్రశ్న వెనక ఇంత కథ ఉంది. పైగా సలహా కూడా ఇచ్చాడు: "కాంక్రీటు పోసి మీద నాలుగు టైల్సు కొట్టిస్తే నున్నగయితది సార్." నేను నోరు తెరిచేలోపే, చిక్కుడుకాయలు ఏరుతున్న మా ఇంటామె చేట పట్టుకుని వచ్చి గుంత అంచున కూర్చుంది. అరవైకి దగ్గరపడ్డ మోకాళ్లు, మెట్లెక్కితే నొస్తున్నాయి. కాళ్లు లోపలికి చాపింది. ఆ వాలు అమ్మ కాలిది, ఈమెకు కుదరదు. అందుకని పాత గుడ్డ ఒకటి మడిచి పాదాల కింద పెట్టుకుంటుంది. "మా మామయ్య మా అత్తమ్మకు తవ్విచ్చిండు. ఎవలు పూడుస్తరు దీన్ని?" అంది అతనితో, కాయలు ఏరుతూనే. తవ్వించడం కాదు, సొంత చేతులతో తవ్వాడని నేను సర్దాను. ఊళ్లో నవ్వుతారని బాపు దాచిపెట్టిన పనిని, వచ్చినవాళ్లందరికీ మేమిద్దరం ఇలా పోటీపడి చెప్పుకుంటున్నాం. నవ్వుతారని ఆయన భయపడిన మనుషులు ఇప్పుడు ఒక్కరూ లేరు. కాలం మాకు చేసిన మేలు బహుశా అదొక్కటే.