వరండాలో విప్పిన చెప్పులు

ఊరి బోర్డు కనిపించగానే స్టీరింగ్ మీద దరువేశాను. పక్క సీట్లో మా అమ్మాయి, "డాడీ, ప్లీజ్, చిల్," అంది. ఎలా ఊరుకుంటాను? కాలేజీలో నేను వేషం కట్టిన నాటకానికి మూలం ఒక అమెరికన్ నాటకకర్త రాసిందే. ఆ మహానుభావుడు పెరిగిన ఊరికి మేముండే ఫ్రిస్కో నుంచి కార్లో ఒక పగలు ప్రయాణమని తెలిశాక ఇంట్లో కాలు నిలవలేదు.

అసలు పని అమ్మాయిది. పిల్లలు రాసిన నాటకాల్లో ఒకదాన్ని స్కూలు స్టేజి మీద వేస్తారు. సోమవారానికి రాసి ఇవ్వాలి. ఏడాదిగా దాని కోసమే ఎదురుచూసిన పిల్ల, విత్‌డ్రా చేసేస్తానంది. "మన ఇంట్లో ఏం జరగదు డాడీ. స్కూల్, డిన్నర్, స్లీప్. దాని మీద ప్లే ఎలా రాస్తా?" ఆ మాటకు నాకు ఒళ్లు మండింది, దిగులూ వేసింది. అందుకే వెంటబెట్టుకొచ్చాను.

ఊరు భలే ఉంది. ఇటుకలు పరిచిన వీధులు, నది మీది గాలి. నాటకకర్త చిన్నప్పటి ఇల్లు ఇప్పుడు మ్యూజియం. వరండా ఎక్కగానే ఇద్దరం అలవాటుగా చెప్పులు విప్పేసి లోపలికి నడిచాం. ఇల్లు చూపించే పెద్దావిడ మా పాదాల వంక చూసి, విప్పక్కర్లేదంది. అమ్మాయి సిగ్గుతో ఎర్రబడింది.

"ఇల్లే కదండీ," అన్నాను.

ఆవిడ తన బూట్లు కూడా విప్పి మా చెప్పుల పక్కన పెట్టింది.

"చిన్నప్పుడు ఈ మెట్ల మీద కూర్చుని పెద్దవాళ్ల మాటలు వినేవాడట," అని చూపించింది.

"ఏం మాట్లాడేవాళ్లు?" అంది అమ్మాయి.

"భోజనానికొచ్చిన చుట్టాలు ఏం మాట్లాడతారో అవే."

బయటికొచ్చాక అమ్మాయి చెప్పులు తొడుక్కోకుండా వాటినే చూస్తూ నిలబడింది. కారెక్కిన దగ్గర్నుంచి ఫోన్లో టైప్ చేస్తూనే ఉంది. అడుగుదామని నోరు దురదపెట్టింది, కానీ బిగబట్టుకున్నాను. గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగాక తనే చదివింది.

"కర్టెన్ లేస్తుంది. స్టేజి మీద ఎవరూ లేరు. డోర్ దగ్గర పాట్‌లక్ డిన్నర్‌కి వచ్చిన ఆంటీలు, అంకుల్స్ చెప్పులు, పెద్ద కుప్ప. లోపల అందరూ మాట్లాడుతుంటారు. ఒక డాడీ వస్తాడు. ఆయన చెప్పులు దొరకవు."

"ఆ వేషం ఎవరిది?"

"మా క్లాస్‌మేట్‌ది. కానీ వాడికి ఎలా వెతకాలో తెలీదు. నువ్వు చూపించు."

పెట్రోలు పంపు పక్కనే చెప్పులు విప్పేసి, వంగి, కాలి వేళ్లతో కుప్పను కదుపుతున్నట్టు, లేని చెప్పుల కోసం వెతికాను. అమ్మాయి నా పాదాల మీంచి చూపు తిప్పకుండా టైప్ చేస్తోంది.