ఆయన పేరుతో మొదలుపెట్టాల్సి వచ్చిన ఇంగ్లీషు

మా ఆయన బతికున్నన్నాళ్లూ ఆయన పేరు నా నోట రాలేదు. పోయాక కూడా రాలేదు. మాకు అది పద్ధతి. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా "ఇంటాయన కోసం ప్రభువా" అనేదాన్ని. దేవుడికి ఎవరో తెలియదా ఏమిటి? "వచ్చినాడు" అంటే ఆయన వచ్చినట్టు. "తిన్నాడు" అంటే ఆయన తిన్నట్టు. ఊరినిండా మగవాళ్లున్నా ఆ ఒక్క ముక్కతోనే నా మొగుడెవరో అందరికీ అర్థమయ్యేది. ఇంగ్లీషుకు మాత్రం అర్థం కాలేదట.

పదో తరగతిలో నా కూతురు అన్నీ పాసై ఇంగ్లీషు తప్పింది. ఆ కబురు నాకంటే ముందు నేను పనిచేసే పలకల ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకు చేరింది. మా కూలి సంగతి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికి చేరదు.

"బిడ్డను తోలుకొని రా అక్కా. పలకలకు చెక్కలు బిగించే కాడ మనిషి తక్కువైంది" అన్నాడు.

ఎంత దయ! నా కూతురి నాయన పలకరాయి గనిలో దుమ్ము మింగి, దగ్గి దగ్గి పోయాడు. నేను ఇన్నేళ్లుగా ఊళ్లో పిల్లలందరి పలకలకూ చెక్కలు బిగించాను కానీ వాటి మీద ఒక్క అక్షరం పెట్టింది లేదు. ఇక ఆ పిల్ల కూడా వచ్చి చేరితే ఇంటిల్లిపాదికీ కలిపి సన్మానం చేసి ఒకే శాలువా కప్పవచ్చు. తప్పిన పరీక్ష మళ్లీ పెడతారు. అందులో పాసైతే మార్కాపురంలో ఇంటరు. తప్పితే నా పక్కన ఇంకో పీట.

మా వీధిలో ఒకరి కోడలు బీఈడీ చదివింది. పంతుళ్ల ఉద్యోగాలు ఎప్పుడు పడతాయా అని చూస్తూ చూస్తూ ఇద్దరు పిల్లల్ని కన్నది. సాయంత్రాలు తానే పాఠం చెబుతానని నా కూతురిని కూర్చోబెట్టుకుంది. ఒకరోజు కాగితం పట్టుకుని మా ఇంటికే వచ్చింది.

"చిన్నమ్మా, ఇంట్లో ఒకరి గురించి రాయమంటే నీ కూతురు వాళ్ల నాయన గురించి రాసింది. తెలుగులో చెప్తా, విను. గనికి పోయినాడు. రాళ్లు తీసినాడు. దగ్గినాడు. చచ్చిపోయినాడు."

"సరిగ్గానే రాసింది గదా. అంతకంటే ఏం చేసినాడు?"

"ఎవరు?"

"ఎవరేంది? వాళ్ల నాయన."

"అది నీకూ నాకూ తెలుసు. పేపరు దిద్దేటాయన మన వీధిలో ఉంటాడా?"

అప్పుడు విడమరిచి చెప్పింది. ఇంగ్లీషు వాక్యానికి రెండు భాగాలుంటాయట. ఎవరి గురించి చెబుతున్నామో అది సబ్జెక్టు. ఆ మనిషి ఏం చేసిందో, ఎలా ఉందో చెప్పే మిగతాదంతా ప్రెడికేటు. తెలుగులో మొదటిది మింగేసినా పని నడుస్తుంది. ఇంగ్లీషు ఊరుకోదు. పేరో, పేరుకు బదులు హీ అనో షీ అనో ముందు నిలబెట్టాలి. నా కూతురు పుట్టినప్పటి నుంచి నా నోట విన్నది విన్నట్టు రాసుకుంటూ పోయింది. ఆ కాగితం నిండా తలలు కోసిన కోళ్లే.

"ఇంట్లో ఆయన మాట వచ్చినప్పుడల్లా నువ్వు పేరు పెట్టి చెప్పు చిన్నమ్మా. అది ఇంగ్లీషులోకి మారుస్తది. అప్పుడుగానీ దానికి అలవాటు కాదు."

"నా నోరు పడిపోతది తల్లీ."

"పరీక్ష అయినాక పడిపోనీలే."

ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని, గొంతు సవరించుకుని ఆయన పేరు పలికాను. "గనికి పోయినాడు" అని పూర్తి చేశాను. బయట మేకలను కట్టేస్తున్న మా అత్త తాడు వదిలేసి లోపలికి వచ్చింది.

"ఏందే? నా కొడుకును ఏమన్నావు?"

"సబ్జెక్టు అత్తా."

"నీ సబ్జెక్టు కూలిపోను! మొగుని పేరు పెట్టి పిలిచేంత మగరాయుడివైనావా?"

"పిలిస్తే మాత్రం వస్తాడా? ఉన్నప్పుడు పిలిస్తేనే వచ్చింది లేదు."

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. మేకలు మాత్రం తాడు వదిలేసినందుకు పక్కింటి చిక్కుడుపాదు మేసి వచ్చాయి. ఆ తిట్లు కూడా నేనే తిన్నాను.

మరునాడు మళ్లీ మొదలుపెట్టాం. ఆయన పేరు చెప్పి తాగినాడన్నాను. ఆయన పేరు చెప్పి పండుగనాడు అన్నం పళ్లెం విసిరికొట్టినాడన్నాను. పిల్ల చకచకా ఇంగ్లీషులోకి మారుస్తోంది. గడపలో కూర్చున్న మా అత్తకు ఇక ఆగలేదు.

"అవే దొరికినాయా నీకు? ఇట్ల రాయి బిడ్డా" అని కొడుకు పేరు ఎత్తుకుంది. "కుంటి మేకపిల్లను భుజాన ఏసుకొని డాక్టరు కాడికి నడిచిపోయినాడు. రాసినావా?"

"రాసినా అవ్వా."

"చల్లగాలికి నీకు జలుబు చేస్తే రొమ్ము మీద పండేసుకున్నాడు. అదీ రాయి."

అది నిజమే. నేను మరిచిపోలేదు, చెప్పలేదంతే. ఆ రోజు నుంచి రోజూ పంచాయితీయే. మనిషి ఒక్కడే, ఆమె ప్రెడికేట్లు వేరు, నా ప్రెడికేట్లు వేరు. పిల్ల ఇద్దరివీ రాసుకునేది. ఆయన గురించి మా ఇంట్లో అన్ని మాటలు ఆయన బతికుండగా కూడా జరగలేదు.

పరీక్ష రాసి వచ్చిన రోజు బస్సు దిగీ దిగకముందే మా అత్త పట్టుకుంది. "నావి రాసినావా, మీ అమ్మవి రాసినావా?"

"నాయన గురించి అడగలేదు అవ్వా. జొరమొచ్చింది, సెలవియ్యండని హెడ్మాస్టరుకు లెటరు రాయమన్నారు."

ఇన్నాళ్లు పేరు పలికిన పాపం జ్వరం పాలైంది. మా అత్త నా వైపు చూసిన చూపు ఇంగ్లీషులోకి మారదు. కానీ ఆ లెటరులో ఏ వాక్యాన్నీ తల లేకుండా వదల్లేదట. ఆ బీఈడీ కోడలు తన ఫోనులో ఫలితం చూసి పాసని చెప్పింది. ముక్కీ మూలిగీ గట్టెక్కే మార్కులే. మాకవి చాలు.

ఆయన పేరు ఏమిటంటారా? ఇక్కడ రాయించను. పరీక్ష అయిపోయింది.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు మళ్లీ వచ్చాడు. "ఎప్పుడొస్తది అక్కా?"

రాదు అంటే సరిపోయేది. ఆయనకూ అర్థమయ్యేది.

"నా కూతురు రాదు" అన్నాను.

సూపర్‌వైజరు పక్క వరుసలో చెక్కలు బిగిస్తున్న ఆమె దగ్గరికి పోయాడు. ఆమెకూ ఒక కూతురుంది.