ఎంట్రీ ఫారంలో పిప్పి

కరోనా సెలవులు ముగిసి బడులు మళ్ళీ నిండుగా నడవడం మొదలైన ఏడాది అది. బోధన్ దగ్గర చెరకు తోటల మధ్య ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను పీఈటీని, అంటే ఆటల టీచర్ని. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మోచేతులు పగిలిన పిల్లల్ని చూశాను, పోటీ రోజున బూట్లు ఇంట్లో మరిచి వచ్చినవాళ్ళను చూశాను. గెలిచిన కప్పును బస్సులో వదిలేసి దిగిన ఘనులనూ చూశాను. ఆ ఘనురాలిని నేనే, పిల్లల మీద తోసెయ్యడం ఎందుకు. అయినా నా ఉద్యోగంలో మరిచిపోలేనిది ఏమిటని ఎవరైనా అడిగితే, నేను చెప్పేది ఒక కాగితం గురించి.

మా బడికి ఆడపిల్లల కబడ్డీ జట్టు ఉంది. దానికి ఒక పాత ఆచారం కూడా ఉండేది. జట్టులోకి కొత్తగా ఎంపికైన అమ్మాయికి మొదటి శనివారం సీనియర్లు పేరు పెడతారు. కళ్ళు మూయించి నిలబెడతారు, వంద లెక్కపెట్టేదాకా ఏదో ఒకటి చేస్తారు, ఆమె కదలకూడదు. వంద అయ్యాక ఒక వెక్కిరింత పేరు పెట్టి చప్పట్లు కొడతారు. మళ్ళీ కొత్తవాళ్ళు వచ్చేదాకా అక్కల నీ క్యాప్‌లు, అంటే మోకాళ్ళ తొడుగులు, ఆమే ఉతకాలి. నేను ఇదే బడిలో చదువుకున్నదాన్ని. అప్పట్లో నాకు పెట్టిన పేరు డబ్బా. ప్రతి ఏడూ ఆ ముచ్చటను పిల్లలకు అభినయించి మరీ చెప్పేదాన్ని. వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో గంగామణి చేరింది. నవీపేట్ వైపు నుంచి ఆ కుటుంబం కొత్తగా వచ్చింది. తండ్రి చెరకు ట్రాక్టర్ నడుపుతాడు, తల్లి సాయవ్వ బీడీలు చుడుతుంది. మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. పిల్ల సన్నగా, గాలి వస్తే ఎగిరిపోయేలా ఉండేది. కానీ కూతకు పంపి చూద్దును కదా, విజిల్ ఊదడమే మరిచిపోయాను. కబడ్డీలో రైడర్ అవతలి కోర్టులోకి వెళ్ళినంతసేపూ ఊపిరి ఆపకుండా కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి, దాన్నే కూత అంటాం. మిగతావాళ్ళ కూత తెగిపోయే వేళకు ఈ పిల్ల కూత అప్పుడే మొదలైనట్టుండేది. ఆ రోజు నేను ఇంటికి పాటలు పాడుకుంటూ పోయాను.

మొదటి శనివారం వచ్చింది. నేను వరండాలో బంతులకు గాలి కొడుతున్నాను. మైదానం చివర నుంచి పిల్లల నవ్వులు వినబడ్డాయి. జట్టు కలిసిపోయిందని సంతోషపడ్డాను కూడా. అక్కడ జరిగింది వేరు. బడి గేటు పక్కనున్న చెరకు రసం బండి నుంచి సీనియర్లు ఒక సంచెడు తడి పిప్పి తెచ్చారు. గంగామణి మెడ దగ్గర నుంచి చొక్కాలోకి కుక్కి, వంద లెక్కపెట్టారు. తీపికి చీమలు పట్టి ఉన్నాయి. ఆమె కదలకుండా నిలబడింది. అందరూ మెచ్చుకుని పిప్పి అని పేరు పెట్టారు.

సోమవారం ఆ పేరు నా చెవిన పడింది. సన్నటి పిల్లకు సరిపోయిందే అని నవ్వి, "పిప్పీ, కూతకు పో" అన్నాను. ఇక అంతే, నా నాలుకకు అదే అతుక్కుంది, నా నోట్‌బుక్‌లోకీ అదే ఎక్కింది.

రెండు వారాలకు గంగామణి "కడుపు నొస్తుంది మేడం" అంటూ మైదానం గట్టు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మెడ గోక్కునేది. "ఆటలో దిగితే అన్ని నొప్పులు పోతాయి" అని తరిమేదాన్ని. పిల్లలను చూసుకోవడమే నా ఉద్యోగం. నేను చూడలేదు.

జిల్లా పోటీలకు ఎంట్రీ ఫారం పంపే వేళ వచ్చింది. జట్టులో ఎవరెవరున్నారో రాసి, తల్లిదండ్రుల సంతకాలతో పంపే కాగితం అది. పాతవాళ్ళ పేర్లు కంప్యూటర్‌లో ఉన్నాయి, కొత్త అమ్మాయి పేరు నా నోట్‌బుక్ చూసి ఎక్కించమని కంప్యూటర్ సారుకు చెప్పాను. ఆయన ఎక్కించాడు. నేను చూడకుండా సంతకం పెట్టాను.

శుక్రవారం సాయవ్వ సంతకం చెయ్యడానికి వచ్చింది. ఒక్కో పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"నా బిడ్డ పేరు లేదు మేడం."

"ఉన్నదక్కా. తొమ్మిదో నంబర్ల సూడు."

"గీడ బి. పిప్పి అని ఉన్నది."

కాగితం చూసి నాకు నవ్వు ఆగలేదు. "గదే అక్కా, గదే మీ గంగామణి. పిల్లలు ముద్దుగ పెట్టుకున్నరు."

సాయవ్వ నవ్వలేదు. వేలు ఆ పేరు మీదే ఉంది. "రసం తీస్కొని పారేసేదాన్ని గదా పిప్పి అంటరు. నా బిడ్డను పారేసిండ్రా మేడం?"

నా తల కొట్టేసినట్టయింది. పిల్లను పిలిపించాం. గంగామణి తలుపు పట్టుకుని నిలబడి అంతా చెప్పింది. కాలర్ పక్కకు జరిపితే మెడ కింద చీమలు కుట్టిన చోట గోకీ గోకీ పుండ్లయి ఉన్నాయి. ఎవరెవరు చేశారని తల్లి అడుగుతుందని నేను అనుకున్నాను. ఆమె అడిగింది అది కాదు.

"నీకు ఆడాల్నని ఉన్నదా, లేదా? ముందు గదొక్కటి చెప్పు బిడ్డా."

"ఉన్నది అవ్వా. గానీ గా పేరుతోటి ఆడను."

తండ్రికి ఫోన్లో విషయం తెలిసి, ఆట బందు అన్నాడు. సాయవ్వ నా ముందే జవాబు చెప్పింది. "బందువెడ్తె మన బిడ్డకే శిక్ష వడ్డట్టు. చేసినోళ్ళు ఆడుకుంటుంటె మనది ఇంట్ల కూసోవాల్నా?" ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "ఫారం పంపుటానికి ఇంకెన్ని దినాలున్నది మేడం?"

"వారం."

"గీ వారమంత రోజు వచ్చి గ్రౌండ్‌ల కూసుంట. నా పని నేను చేస్కుంట, మీ పని మీరు చెయ్యిండ్రి. గప్పుడు సంతకం వెడ్త, లేకుంటె లేదు."

హెడ్ సారుకు చెబితే, "పిల్లల సరదామ్మా, పేరు దిద్ది పంపెయ్, పెద్దది చెయ్యకు" అన్నారు. కంప్యూటర్ సారు పాపం, "ఊర్ల సాయవ్వ, పోశవ్వ ఉన్నట్టు పిప్పవ్వ గూడ ఉంటదనుకున్న మేడం" అని తల గోక్కున్నాడు. నిజం చెప్పాలంటే దిద్ది పంపేద్దామని నాకూ అనిపించింది. ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాస్తే అయిపోయేది. కానీ ఆ పుండ్లను ఏ కలంతో కొట్టెయ్యాలి?

ఆ సాయంత్రం ముందు గంగామణిని ఆస్పత్రికి పంపి మందు రాయించాను. తర్వాత సీనియర్లను కూర్చోబెట్టాను. కెప్టెన్ శిరీష, పదో తరగతి పిల్ల, గట్టిది. నేను నోరు తెరవకముందే అందుకుంది.

"మమ్మల్నే ఎందుకు తిడ్తరు మేడం? నాకు నత్త అని పేరు వెట్టిండ్రు. నేను గూడ వంద దాక నిలబడ్డ. మీరే చెప్పిండ్రు గదా, డబ్బా ముచ్చట."

తిట్టడానికి వచ్చినదాన్ని, తిట్టు తిని కూర్చున్నాను. పిల్ల అన్నది అబద్ధమా? ప్రతి ఏడూ ఆ ముచ్చట చెప్పి, ఇది చాలా గొప్ప సంగతని నేర్పింది నేను. పైగా నేను చెప్పింది సగమే. రెండో సగం ఆ రోజు మొదటిసారి చెప్పాను. నాకు డబ్బా అని పేరు పెట్టాక నెల రోజులు నేను మైదానానికి పోలేదు. మా బాపు అడిగితే కడుపు నొస్తుందని చెప్పాను. ఆ మాట నా నోట రాగానే నాకే అర్థమైంది. గంగామణి చెప్పిన నొప్పీ అదే కదా.

శిరీష నేల చూస్తూ అంది, "నేను గూడ ఏడ్చిన మేడం. బాత్రూంల." తర్వాత ఇంకో అమ్మాయి, తర్వాత ఇంకో అమ్మాయి. లెక్క తేలిందేమిటంటే ఆ ఆచారం ఎవరికీ ఇష్టం లేదు. మిగతా అందరికీ ఇష్టమని ప్రతి ఒక్కరూ అనుకున్నారు.

అయితే ఏడ్చినంత మాత్రాన తప్పు మాసిపోదని కూడా చెప్పాను. సీనియర్ల ఇళ్ళవాళ్ళను బడికి పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాం. పేర్లు పెట్టడం ఇక బందు. ఎవరి నీ క్యాప్ వాళ్ళే ఉతుక్కోవాలి. ఆఖరి పిల్ల గేటు దాటేదాకా నేను మైదానంలోనే ఉండాలి. మొదటి మ్యాచ్ శిరీష ఆడదు. ఈ చివరిది శిరీషే ఒప్పుకుంది. గంగామణి ఇంటికి తనే వెళ్ళి, "తప్పయింది చెల్లె" అని వచ్చింది.

మర్నాటి నుంచి సాయవ్వ వెదురు చాట పట్టుకుని వచ్చేది. చాటలో తునికాకు, తంబాకు, దారం. గట్టు మీద కూర్చుని బీడీలు చుడుతూ ఆట చూసేది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. మొదటి రోజు పిల్లలు ఆమె వైపు చూడటానికే జంకారు. రెండో రోజు శిరీష నీళ్ళ సీసా ఇచ్చింది. మూడో రోజు అలవాటు చొప్పున నా నోట "పిప్పీ" అని జారింది.

మైదానం మొత్తం ఆగిపోయింది. సాయవ్వ చేతిలో ఆకు ఆగిపోయింది. నేను నాలుక కరుచుకున్నాను.

శిరీష నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. "మేడం, మీరు కూతకు పోవాలె. కబడ్డీ అనొద్దు. గంగామణి పూర్తి పేరుతోటి కూత వెట్టాలె. ఊపిరి ఆపొద్దు."

నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఎనభై కిలోల బరువుతో, చీర కొంగు బిగించి నేను కూతకు పోయాను. బోయిని గంగామణి, బోయిని గంగామణి, బోయిని గంగామణి. అనడానికి సులువే, ఊపిరి ఆపకుండా అని చూడండి. అయిదోసారికి బోయిని పోయి గంగ మిగిలింది, ఏడోసారికి గంగ కూడా పోయింది. అప్పుడు నా చీలమండ పట్టుకున్నది ఎవరనుకున్నారు, గంగామణే. దుమ్ములో వెల్లకిలా పడ్డాను. సాయవ్వ నవ్విన నవ్వుకు చాట ఒరిగిపోయి, తునికాకులు గట్టంతా చెదిరాయి. జట్టు జట్టంతా పోయి ఏరింది. అన్ని రోజులకు గంగామణి పళ్ళు కనబడేలా నవ్వడం ఆ రోజే చూశాను. నాకు నడుం పట్టేసిన మాట నిజమే, అయినా అంత ఆనందంగా నేను ఎన్నడూ పడలేదు.

అదే మా కొత్త ఆచారమైంది. వెక్కిరింత పేరు జారితే, జారినవాళ్ళు పూర్తి పేరుతో కూత పెట్టాలి. ఇంటిపేర్లు పొడుగున్న పిల్లల జోలికి పోవడానికి అందరూ భయపడ్డారు.

వారం చివర ఫారాన్ని నా చేత్తో మళ్ళీ రాశాను. ప్రతి పేరూ ఆ పిల్ల ముందే రాసి, చదివి వినిపించాను. సాయవ్వ వేలు తొమ్మిదో నంబర్ దగ్గర ఆగింది. రెండుసార్లు చదువుకుంది. సంతకం పెట్టింది.

నిజామాబాద్‌లో మొదటి మ్యాచ్. శిరీష బెంచీ మీద కూర్చుంది. గంగామణి కూతకు పోగానే ఆ పిల్ల లేచి, "బోయిని గంగామణి" అని అరిచింది. జట్టంతా అందుకుంది. ఆమె ఇద్దరిని తాకి, గీత దాటి వచ్చేసింది. ఆ మ్యాచ్ గెలిచాం, తర్వాతిది ఓడాం. ఓడినవాళ్ళమన్న సిగ్గు కూడా లేకుండా బస్సులో పాటలు పాడుకుంటూ వచ్చాం. బడి గేటు దగ్గర దిగితే రసం బండి అన్న పలకరించాడు, "పిప్పి సంచి గావాల్నా బిడ్డా?"

"వద్దన్నా, రసమే ఇయ్యి" అంది శిరీష. గంగామణికి మొదటి గ్లాసు తనే అందించింది.

ఇలాంటివి జరిగినప్పుడు ఏం చెయ్యాలని కొత్త టీచర్లు నన్ను అడుగుతుంటారు. సాయవ్వను చూసి నేర్చుకున్నదే చెబుతాను. తల్లిదండ్రులు ముందు పిల్లకు ఏం కావాలో అడగాలి, పిల్లను ఆట మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టకూడదు, బడిని నిలదీయకుండా వదిలిపెట్టకూడదు. బడి దాన్ని సరదా అని పక్కన పెట్టకూడదు. చేసినవాళ్ళకూ శిక్ష ఉండాలి, వాళ్ళ కథ వినే చెవి కూడా ఉండాలి. ఇక టీచర్, నవ్వేముందు ఎవరు నవ్వడం లేదో ఒకసారి చూసుకోవాలి. నాకు ఈ చివరిది నేర్చుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

రెండేళ్ళకు గంగామణి కెప్టెన్ అయింది. ఎంపికైన ఒక చిన్న పిల్ల మొదటి శనివారం బిక్కుబిక్కుమంటూ ఆమె దగ్గరికి వచ్చింది. ఎక్కడ విన్నదో ఏమో. నేను వరండాలో కాదు, పక్కనే ఉన్నాను.

"అక్కా, నాకేం పేరు వెడ్తరు?"

గంగామణి ఆ పిల్ల మెడ దగ్గర కాలర్ సరిచేసింది.

"మీ అవ్వ వెట్టలేదా? గదే చెప్పు, నేర్చుకుంట."