మామ గొట్టం, అత్త పొయ్యి

1948 ఫిబ్రవరి 10, మంగళవారం, పగలు పదకొండు గంటలకు జనగామ దవాఖానలో మా మామకు బొడ్డు కింద చిల్లు పెట్టి ఎర్ర రబ్బరు గొట్టం దూర్చారు. మూత్రం ఆగిపోయి అప్పటికి రెండు రోజులు. గొట్టం చివర చెక్క బిరడా. రెండు గంటలకోసారి అది తీసి ముంతలోకి వదలాలి. ఇచ్చిన రెండు గొట్టాలను పదిహేను రోజులకోసారి మార్చి, తీసినదాన్ని మరిగించి దాచాలి. మార్చుకోవడం కాంపౌండరు మామకే నేర్పాడు. "తీసినంక గంట దాటనియ్యకు. చిల్లు పూడుకపోతది" అన్నాడు.

వేళల లెక్క నాది. గడియారం లేదు. రైలు కూతలతో, గోడ నీడతో కట్టేదాన్ని. "మామా, యాళ్ళయింది" అంటే, "ఊరంత కర్ఫ్యూ ఉన్నా నా ఉచ్చకు లేదు బిడ్డా" అంటూ లేచేవాడు.

అత్త మాత్రం, "అన్నం వండే పొయ్యి మీద ఉచ్చగొట్టం పెడితే నేను ముద్ద ముట్ట" అంది. అందుకని వంటలయ్యాక, మధ్యాహ్నం, పెరట్లో మూడు రాళ్ళ మీద మరిగించేదాన్ని. ఆ రోజుల్లో వేళకాని వేళ పొగ లేస్తే దళానికి వండుతున్నారని నిజాం పోలీసులు అనుకునేవారు. అది మా ఇద్దరికీ తట్టలేదు.

మూడోసారి మరిగిస్తుండగా గస్తీవాళ్ళు వచ్చిపడ్డారు. జమేదారు గొట్టాన్ని కర్రతో ఎత్తి, "ఏందిది? బాంబు సామానా?" అన్నాడు.

"మా మామ ఉచ్చగొట్టం, దొరా."

"ఝూట్! మనిషికి గొట్టమేంది?"

మామ మంచం దిగి వచ్చాడు. "చూస్తవా? జర దగ్గరికి రా" అని ధోవతి జరిపి బిరడా పీకాడు. ధార నేరుగా బూట్ల మీద పడింది. "తౌబా, తౌబా!" అని జమేదారు వెనక్కి దూకాడు. కాలు తగిలి కుండ పగిలింది, కర్ర మీది గొట్టం నిప్పుల్లో పడి కాలిపోయింది. మామను కొట్టాలంటే ఆ ధార దగ్గరికి రావాలి. ఎవరూ ముందుకు రాలేదు. వెళ్ళిపోయారు.

ఇక ఒంట్లోదొక్కటే మిగిలింది. జనగామలోనూ మానుకోటలోనూ కొత్తది లేదని కాంపౌండరు కబురు పంపాడు. గస్తీ వచ్చిపోయిన తొమ్మిదో రోజు పొద్దున బిరడా తీస్తే చుక్క రాలేదు. మామ పొట్ట బిగిసింది. గొట్టం పీకి నా చేతిలో పెట్టాడు. లోపల సున్నంలా తెల్లగా పూడుకుపోయి ఉంది.

గంటే గడువు. పెరట్లో రాజేస్తే మళ్ళీ పొగ. వంటింటి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అత్త వైపు చూశాను.

"నా మొకమేం జూస్తవే? దించు అన్నం!" అని తానే దించింది, తానే ఊదింది. ముప్పావు గంటలో కడిగి, మరిగించి ఇచ్చాను. మామ పెట్టుకున్నాడు. ముంత నిండింది.

పోయినవి: గొట్టం ఒకటి, కుండ ఒకటి, బూట్ల మీద ఒక విడత ఉచ్చ, అత్త పెట్టిన నియమం ఒకటి.