గోడకు రెండడుగుల ముందు

ఫిల్మ్ నగర్లో ఒక అద్దె బంగళా మొదటి అంతస్తులో మా డైరెక్టర్ ఆఫీసు. అక్కడ ఆరేళ్ళు మాటలు రాశాను. నాలుగు సినిమాలకి రాశాను. మొదటి మూడింటికీ తెర మీద ‘రచన, దర్శకత్వం’ అని ఆయన పేరే పడింది. నా పేరు ఎక్కడుండేదంటే, సినిమా అయిపోయి జనం కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు కింద నుంచి పైకి పాకిపోయే లిస్టులో, జనరేటర్ వాళ్ళకి కాస్త పైన, ‘రచనా సహకారం’ అన్న గుంపులో. మొదటిసారి మా అమ్మ వెంగళరావు నగర్ నుంచి ఆటోలో వచ్చి మరీ చూసింది. “ఏదే, ఎక్కడే?” అంటుండగానే లైట్లు వేసేశారు. రెండో సినిమా నుంచి రావద్దని నేనే చెప్పాను.

ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోయే ఉద్దేశం నాకు లేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

కథ సిట్టింగులు జరిగే గదిలో గోడంత టీవీ, దాని కింద గేమ్ ఆడే పెట్టె ఉండేవి. మా డైరెక్టర్‌కి బేస్‌బాల్ గేమ్ పిచ్చి. ఆయన అమెరికాలో చదివిందీ లేదు, ఆ ఆటని మైదానంలో చూసిందీ లేదు. మొదట్లో క్రికెట్ గేమే ఉండేదట. అందులో ఆఫీసులో అందరూ ఆయన్ని చితక్కొట్టేవారట, దాంతో ఆ డిస్క్ మాయమైపోయింది. బేస్‌బాల్ ఇక్కడ ఎవరికీ రాదు కాబట్టి ఆయనే మొనగాడు. అదీ ఆయనగారి క్రీడాభిమానం.

ఆ గేమ్‌లో కూడా ఆయన ఆడేది ఒక్క పోటీయే. అవతల బొమ్మ మనిషి బంతులు విసురుతుంటాడు, ఇవతల మనం బ్యాట్ ఊపాలి. మైదానం చివర ఉన్న గోడ దాటి పడితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. ఊపాక బంతి గోడ దాటకపోతే ఔట్. పది ఔట్లకి ఆట అయిపోతుంది. ఎవరివి ఎక్కువ హోమ్ రన్స్ ఉంటే వాళ్ళది గెలుపు.

మేం సీన్లు వినిపించాల్సింది ఆయన ఇది ఆడుతున్నప్పుడే. “చెప్పమ్మా, వింటున్నా” అనేవాడు, కళ్ళు టీవీ మీంచి తిప్పకుండా. నేను డైలాగ్ చదివేదాన్ని. సరిగ్గా అప్పుడే బంతి గోడ దాటిందనుకోండి, “అదీ! ఆ మాట ఉంచెయ్!” అని తొడ చరిచేవాడు. ఔటయ్యాడంటే మాత్రం, “ఏంటమ్మా ఇది, సీరియల్ లాగా? తీసెయ్” అనేవాడు. మూడు రోజులు కూర్చుని రాసిన తల్లీకూతుళ్ళ సీన్ ఒకటి, ఆయన వరసగా నాలుగుసార్లు ఔటవడం వల్ల చెత్తబుట్టలోకి పోయింది. తలా తోకా లేని కామెడీ ముక్క ఒకటి, ఆయన చెయ్యి బాగున్న రోజున చదివినందుకు, థియేటర్లదాకా వెళ్ళింది. అక్కడ ఎవరూ నవ్వలేదు, అది వేరే సంగతి.

నాతోపాటు అక్కడ ఇంకో రైటర్ ఉండేవాడు. యాభై దాటినవాడు, టోలిచౌకి నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. ఇరవై రెండేళ్ళుగా అందరికీ రాసిపెడుతూనే ఉన్నాడు. ఒక్క సినిమాలో కూడా ఆయన పేరు విడిగా టైటిల్ కార్డు మీద పడలేదు.

సిట్టింగ్ మొదలయ్యే ముందు మాలో ఒకరు డైరెక్టర్‌తో ఒక ఆట ఆడి ఓడిపోవాలి. ఇది ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. నాకు ఆడటం రాదు కాబట్టి నేను సహజంగానే ఓడిపోయేదాన్ని. వచ్చిన ప్రతి బంతికీ బ్యాట్ ఊపేదాన్ని. కాలనీ సందుల్లో క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళం, బంతిని ఊరికే వదిలెయ్యడమంటే మనకి తల కొట్టేసినట్టుంటుంది. రెండు హోమ్ రన్స్, పది ఔట్లు, అంతే. డైరెక్టర్ పకపకా నవ్వి, “ఆడవాళ్ళకి ఇది రాదులేమ్మా” అనేవాడు. ఆ నవ్వు వింటే రిమోట్ తీసి ఆయన మొహాన కొట్టాలనిపించేది.

అన్న ఓడిపోయే పద్ధతి వేరు. ఆయన కొట్టిన బంతి పైకి లేచేది, గోడ దాకా వెళ్ళేది, సరిగ్గా రెండడుగుల ముందు పడేది. డైరెక్టర్ గుండె గొంతులోకొచ్చి మళ్ళీ కిందికి దిగేది. ఎప్పుడు ఆడినా ఒక్క హోమ్ రన్ తేడాతో ఓడిపోయేవాడు. నాలుగైదుసార్లు చూశాక నాకు అనుమానం వచ్చింది. ప్రతిసారీ గోడకి రెండడుగుల ముందే పడేలా కొట్టాలంటే, గోడ దాటించడం ఎంత బాగా వచ్చి ఉండాలి?

మెట్ల దగ్గర పట్టుకుని అడిగేశాను. “అన్నా, నిజం చెప్పు. కావాలనే ఓడిపోతున్నావు కదూ?”

ఆయన ఇటూ అటూ చూశాడు. “మెల్లగ మాట్లాడు చెల్లె. నేను గెలిస్తె నా సీన్ ఓడిపోతది.”

“సిగ్గుగా లేదా?”

“సిగ్గు పడుకుంట కూసుంటె సీన్ పాస్ అయితదా?”

నాకు జాలి కలగలేదు, కోపమొచ్చింది. ఇలాంటివాళ్ళు తల ఊపబట్టే కదా ఆ మనిషి అంత నెత్తికెక్కి కూర్చున్నాడు అనుకున్నాను. అయినా నోరు మూసుకుని, “నాకు నేర్పు” అన్నాను. నాకు ఓడిపోవడం నేర్చుకోవాలని లేదు. ఒక్కసారైనా ఆయన్ని ఆయన సోఫాలోనే ఓడించాలని ఉంది.

డైరెక్టర్ మధ్యాహ్నం జూబ్లీ హిల్స్‌లోని ఇంటికెళ్ళి తిని, పడుకుని, నాలుగింటికి వచ్చేవాడు. ఆ మూడు గంటలూ గది మాదే. నేను టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆడుతుంటే అన్న వెనక నిలబడి పెరుగన్నం తింటూ చూసేవాడు.

“ఏంది చెల్లె, ఈగలు తోలుతున్నవా? ఊకె ఊపకు. ఊపకపోతె ఔట్ లేదు గద. మంచి బంతి వచ్చేదాంక వదిలెయ్యి.”

నిజమే. ఆ పోటీలో వదిలేసిన బంతికి శిక్ష లేదు. అన్ని రోజులు ఆ గదిలో కూర్చున్నా నాకు ఆ సంగతి తట్టలేదు, డైరెక్టర్‌కి అసలే తట్టలేదు. మోకాళ్ళ దగ్గరికొచ్చే బంతి నేల మీదే దొర్లుతుంది, వదిలెయ్యాలి. బాగా బయటికి పోయేదాన్ని వదిలెయ్యాలి. ఛాతీ ఎత్తులో, ఒంటికి కాస్త దగ్గరగా వచ్చేదాన్ని మాత్రం పెద్ద ఊపు బటన్‌తో, ఒక్క రవ్వ ముందుగా కొట్టాలి. ముందుగా అంటే ఎంత ముందు? దాన్ని అన్న నోటితో చెప్పలేకపోయాడు. నా భుజం మీద వేలితో తట్టేవాడు, ఆ తట్టుకి నేను బటన్ నొక్కాలి. రెండు వారాలకి తట్టడం మానేశాడు. నెల తిరిగేసరికి నేను ఏడు, ఎనిమిది, తొమ్మిది కొడుతున్నాను. “బంతి నీ కోసమే వస్తున్నట్టున్నది” అన్నాడు ఒకరోజు. ఆ మెచ్చుకోలు నాకు చాలా నచ్చింది. ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు.

ఒకసారి కింద స్కూటర్ దగ్గర అడిగాను, ఇన్నేళ్ళలో పేరు కావాలని ఎప్పుడూ అనిపించలేదా అని. “పేరుల ఏమున్నది చెల్లె, పని దొరుకుతున్నది, సాలు” అన్నాడు. నేను నమ్మేశాను. నమ్మితే నాకు హాయిగా ఉండేది కాబట్టి నమ్మేశాను.

నాలుగో సినిమాకి గొడవ వచ్చింది. హీరో పట్టుబట్టాడు, మాటలు రాసినవాళ్ళకి ముందు టైటిల్స్‌లో వేరే కార్డు వెయ్యాలని. డైరెక్టర్ మొహం మాడిపోయింది. ఫస్టాఫ్ నేను రాశాను, సెకండాఫ్ అన్న రాశాడు. ఇద్దరి పేర్లూ వెయ్యమన్నాను.

“ఇద్దరి పేర్లూ వేస్తే మరి నేనేం చేసినట్టమ్మా? జనం నవ్వరూ? కార్డు ఒకటే, పేరు ఒకటే.” టీవీ వైపు చూసేసరికి ఆయన మొహం వెలిగింది. “ఎందుకీ గొడవ? ఆడండి. ఎవరివి ఎక్కువ హోమ్ రన్స్ ఉంటే కార్డు వాళ్ళది.”

హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు. సెల్‌ఫోన్ తీసి వీడియో పెట్టి, సోఫాలో కాళ్ళు మడిచి కూర్చున్నాడు. కోడిపందెం చూడ్డానికి వచ్చినవాడి సంబరం ఆ మొహంలో. ‘ఆడను’ అని లేచి వెళ్ళిపోవాల్సింది. ఇద్దరం వెళ్ళిపోయి ఉంటే ఆయన ఏం చేసేవాడు? ఈ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆ పూట నాకు కనిపిస్తున్నది ఒక్క కార్డే. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మా అమ్మ వెతుక్కోనక్కర్లేని నా పేరు.

అన్న ముందు ఆడాడు. ఆయన అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. పనికిరాని బంతుల్ని కన్నెత్తి చూడలేదు. ఏడు ఔట్లయ్యేసరికి పదకొండు హోమ్ రన్స్. డైరెక్టర్ నోరు తెరిచాడు. ఇన్నేళ్ళూ తనతో ఓడిపోయిన మనిషి ఇతనేనా అని అప్పటికి అర్థమై ఉండాలి. ఇంకా మూడు ఔట్లు మిగిలున్నాయి. నా పని అయిపోయిందనుకున్నాను.

ఎనిమిదో ఔట్. బంతి పైకి లేచింది, గోడ దాకా వెళ్ళింది, రెండడుగుల ముందు పడింది. తొమ్మిదోదీ అంతే. పదోదీ అంతే.

నాకు తల నుంచి కాళ్ళ దాకా మంట పుట్టింది. నా మీద దయ తలుస్తున్నాడు! ఆడపిల్ల, పాపం, పోనీలే అని నాకు దానం చేస్తున్నాడు! అరవబోయి ఆగాను. అరిస్తే ఆయన ఇన్నేళ్ళ నాటకం డైరెక్టర్ ముందు బయటపడుతుందని ఆగానని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాను. అది అబద్ధం. అరిస్తే ఆట మళ్ళీ మొదటి నుంచి పెడతారేమోనని ఆగాను.

నేను పన్నెండు కొట్టాను. ఇంకా రెండు ఔట్లు మిగిలుండగానే కొట్టాను. డైరెక్టర్ చప్పట్లు కొట్టి, అన్నని చూసి, “ఏంటి పెద్దాయనా, ఆడపిల్ల చేతిలో ఓడిపోయావు?” అని పగలబడి నవ్వాడు. అన్న కూడా నవ్వి, తన కాగితాలు సర్దుకున్నాడు.

ఆ తర్వాత ఐదు నెలలు నేను అన్నతో పనికి మించి మాట్లాడలేదు. దానం చేసినవాడి మొహం చూడటం నాకు కష్టంగా ఉండేది. ఆయన కూడా పలకరించలేదు. మధ్యాహ్నాలు వేరుగా తినేవాళ్ళం.

సినిమా ప్రివ్యూ జూబ్లీ హిల్స్‌లో ఒక చిన్న థియేటర్లో, పొద్దున పదకొండింటికి వేశారు. మాటలు అని పడి, కింద నా పేరు ఒక్కటే పడింది. నాలుగు సెకన్లు ఉంది. మా అమ్మ నా చెయ్యి నలిపేసింది. సెకండాఫ్‌లో జనం రెండుసార్లు ఈలలు వేశారు, ఒకసారి కళ్ళు తుడుచుకున్నారు. అవన్నీ అన్న రాసిన సీన్లు. బయటికి రాగానే అందరూ వాటి గురించే చెప్పి నా చేతులు పట్టుకుని ఊపారు. నేను కాదనలేదు. ‘థాంక్సండీ, థాంక్సండీ’ అంటూనే ఉన్నాను.

పార్కింగ్‌లో అన్న ఒంటరిగా కనిపించాడు. ఐదు నెలలుగా లోపల దాచుకున్నదంతా కక్కేశాను. “నీ దయ నాకు కావాలని ఎవరన్నారన్నా? ఆ చివరి మూడు బంతులూ కావాలని గోడ ముందు ఎందుకు పడేశావు? నీ బిచ్చంతో నా పేరు పడాలా?”

ఆయన స్కూటర్ మీదున్న హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు.

“నేనేం కావాల్నని పడెయ్యలే చెల్లె. గెల్వాల్ననే ఆడిన. ఆ మూడు దాటాల్ననే కొట్టిన. ఇన్నేండ్ల సంది గోడ ముంగట వేసి వేసి, చెయ్యి గట్లనే అలవాటైపోయింది. దాటలే.”

ఆయన దయ చూపించి ఉంటే తిట్టడానికి నా దగ్గర కావలసినన్ని మాటలున్నాయి. దీనికి లేవు. “మరి... నా మీద కోపం రాలేదా?” అన్నాను.

“వచ్చింది. సెకండాఫ్ నడుస్తున్నంత సేపు వచ్చింది. ఇంకా ఉన్నది.” హెల్మెట్ పెట్టుకున్నాడు. “జర పక్కకు జరుగు, బండి తియ్యాలె.”

నేను పక్కకి జరిగాను.