ఛాతీ లోపల ఏముందో అడిగిన జమేదారు

మొయినాబాద్‌లో మా వీధి ఇస్త్రీబండి మీద గంజి పెట్టిన ఖాకీ చొక్కా పడినప్పుడల్లా ఆ వేడి వాసనకు నాకు పాత నౌకరీ గుర్తుకొస్తుంది. అరవై తొమ్మిదిలో నేను చేవెళ్ల ఠాణాలో కొత్త జవానుని. కొంగ కాళ్లకు ఖాకీ నిక్కరు తొడుక్కుని, నేను లాఠీని పట్టుకున్నానో లాఠీ నన్ను పట్టుకుందో తెలియకుండా నిలబడేవాణ్ణి.

మా హెడ్ కానిస్టేబుల్ ప్రభుదాసుది ఎంకపల్లి. అందరం జమేదార్ అనేవాళ్లం. బందోబస్తు నుంచి వచ్చి లాఠీలు అప్పగించగానే మమ్మల్ని ఇళ్లకు పోనిచ్చేవాడు కాదు. ఒక్కొక్కరినీ బల్ల మీద కూర్చోబెట్టి, చాయ చేతికిచ్చి, ఆ రోజు ఏం చేశామో చెప్పించేవాడు. ప్రత్యేక రాష్ట్రం కావాలని అరుస్తున్న గుంపు మీదికి మమ్మల్ని తోలిన రోజు నన్నే ముందు పిలిచాడు.

“ఎవర్ని కొట్టినవ్‌రా?”

“మా బావను, అన్న. నా పేరు వెట్టి పిలిచిండు. అయినా కొట్టిన.”

“ఏడ్వు. ఈడనే ఏడ్వు. ఇంటికి మోసుకపోతే పెండ్లాం మీద పడ్తది.”

ఏడ్చాను. చాయలో ఉప్పెక్కువైందని ఆయనే నవ్వించాడు.

అందరివీ విన్న ఆయనవి వినేవాళ్లు లేకపోయారు. వానలు పడేనాటికి ఆయనకు నిద్ర కరువైంది. తలుపు చప్పుడుకే ఉలిక్కిపడేవాడు. పదిహేను రోజుల సెలవు, దవాఖానకు చీటీ అడిగాడు. మా అమీన్‌సాబ్, అంటే ఠాణా ఎస్సై, పగలబడి నవ్వాడు.

“పోలీసోనికి గుండెనొప్పి రావచ్చు, గుండె నొచ్చుకోవద్దు. రాయవయ్యా, పిరికోడు, పనిదొంగ అని!”

రాయవలసింది నేను. దస్తూరి ఒక్కటే నాకు ఠాణాలో గౌరవం తెచ్చిన విద్య. ఎదురుగా నిలబడ్డ ప్రభుదాసు, “జర మంచిగ రాయి తమ్మీ, పై సాబులు సదువుతరు” అన్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. నెల తిరక్కుండా ఆయన చేతి మీది జమేదారు పట్టీలు పీకేశారు. ఊరికి వెళ్లిపోయిన ఆయన్ను క్షమించమని అడగడానికి రెండుసార్లు ఎంకపల్లి పొలిమేర దాకా పోయి, వెనక్కి వచ్చాను.

మా జీపు వేడెక్కితే నీళ్లు పోసి, చల్లారేదాకా ఆపేవాళ్లు. మనిషికి ఆ పాటి మర్యాద లేదు! నౌకరీలో చేర్చుకునేటప్పుడు ఛాతీ కొలిచారు. ఆ తరువాత ముప్పై ఏళ్లూ దాని లోపల ఏముందో ఒక్క అధికారీ అడగలేదు.

నాకూ పట్టీలు వచ్చాక, మరో జవాను మీద అలాంటి కాగితమే రాయమన్నారు. “రాయను సార్. ఆయనకు దవాఖాన కావాలె” అన్నాను. బదిలీ చేశారు. అట్లా మూడు ఠాణాలు మారాను. పోయిన చోటల్లా ‘పిచ్చోళ్ల జమేదార్ వచ్చిండు’ అని నవ్వేవాళ్లు. ఆ నవ్విన వాళ్లే, ఒక్కొక్కరుగా, తలుపు దగ్గరికి వేసి నా ఎదుట కూర్చునేవాళ్లు.